ఎయిడ్స్ వైరస్ ఎక్కడి నుంచి వచ్చింది? కోతులు, చింపాంజీలపై జరిగిన పరిశోధన ఏం చెబుతోంది?

1983 జూలైలో ఢిల్లీ నుంచి వచ్చే 'పేట్రియాట్' అనే ఇంగ్లిష్ పత్రికలో ఒక లేఖ అచ్చయింది. రాసింది పేరు చెప్పడం ఇష్టం లేని ఒక అమెరికన్ సైంటిస్టు అని ప్రచారం. ఎయిడ్స్ అనే కొత్త జబ్బును అమెరికా తన ల్యాబులోనే తయారు చేసిందని, అది ఇండియాకూ రావచ్చని అందులో ఉంది. నిజానికి అది సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ పుట్టించిన కథ. రెండేళ్ల తర్వాత సోవియట్ పత్రికలు దాన్ని మళ్లీ ఎత్తుకుని దేశదేశాలకూ పాకించాయి. 1992లో రష్యా విదేశీ గూఢచార విభాగం అధిపతి యెవ్‌గెనీ ప్రిమకోవ్ ఈ పని తమవాళ్లదేనని ఒప్పుకున్నారు.

అబద్ధాన్ని పుట్టించినవాళ్లే ఒప్పుకున్నా అది చావలేదు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతోంది. ఒకరు అది ల్యాబులో తయారైందంటారు, ఒకరు పోలియో చుక్కల నుంచి వచ్చిందంటారు, ఇంకొకరు కోతితో పాడు పని చేస్తే వచ్చిందంటారు. వినడానికి కాలక్షేపం కబుర్లలా ఉంటాయి గానీ వీటి వల్ల నష్టపోయేది మన ఇళ్లే. చుక్కల మీద అనుమానంతో బిడ్డను దాచేసే తల్లి, సిగ్గుతో టెస్టు చేయించుకోని కొడుకు, ఎవరైనా చూస్తారేమోనని మందులు మానేసే కోడలు, వీళ్లంతా ఇలాంటి కబుర్ల మధ్యే బతుకుతున్నారు. వార్త వస్తే ముందు విచారించి చూడమని సూరా హుజురాత్ 6వ ఆయత్‌లో ఉన్న ఆదేశం మనకు తెలియనిది కాదు. ఈ విషయంలో సైంటిస్టులు ఆ విచారణ చేశారు. అది ఎలా సాగింది, ఏం తేలింది, మనకు ఏం పనికొస్తుంది అన్నది చూద్దాం.

ఒకే కుటుంబం, రెండు పేర్లు

మనుషుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్‌ను హెచ్‌ఐవీ అంటారు. ఆఫ్రికాలోని కోతుల్లో, చింపాంజీల్లో ఉండే ఇలాంటి వైరస్‌లను ఎస్‌ఐవీ అంటారు. రెండూ ఒకే కుటుంబానివి. శరీరానికి కాపలా కాసే సీడీ4 అనే తెల్లరక్త కణాల్లోకి దూరి, తన జన్యువును మన కణం జన్యువులో అతికించేస్తాయి. అందుకే ఒకసారి వచ్చిన వైరస్ పూర్తిగా పోదు, మందులతో అణచి ఉంచాల్సిందే.

ఆఫ్రికాలో 40కి పైగా జాతుల కోతుల్లో, వానరాల్లో ఎస్‌ఐవీ కనిపించింది. ఇది కొత్తది కాదు. కామెరూన్ తీరం దగ్గర బియోకో అనే దీవి ఉంది. సముద్రమట్టం పెరగడంతో అది సుమారు 10,000 ఏళ్ల కిందట ప్రధాన భూభాగం నుంచి విడిపోయింది. దీవిలోని కోతుల వైరస్‌లనూ అవతలి అడవుల్లోని కోతుల వైరస్‌లనూ పోల్చి చూసి, ఎస్‌ఐవీ వయసు కనీసం 32,000 ఏళ్లు ఉంటుందని 2010లో లెక్క తేల్చారు. అంటే ల్యాబులన్న మాట పుట్టక ముందే, వేల ఏళ్ల నుంచీ ఇది అడవిలో ఉంది.

మొదటి ఆధారం దొరికింది మన దేశపు జాతి కోతిలోనే

1981లో అమెరికాలో ఎయిడ్స్ కేసులు బయటపడ్డాయి. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసీ, లూక్ మోంటాన్యే బృందం వైరస్‌ను పట్టుకుంది. ఇద్దరికీ 2008లో నోబెల్ వచ్చింది. మన దేశంలో 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల మొదటి కేసులను గుర్తించారు.

ఈ మధ్యలో, 1985లో, అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఒక కోతుల పరిశోధన కేంద్రంలో రీసస్ కోతులకు ఎయిడ్స్ లాంటి జబ్బు వచ్చి, వాటిలో ఎస్‌ఐవీ దొరికింది. రీసస్ అంటే మనం ఉత్తరాదిలోనూ తెలంగాణలోనూ చూసే ఎర్రమూతి కోతి. బ్లడ్ గ్రూపులో పాజిటివ్, నెగటివ్ అంటామే, ఆ ఆర్‌హెచ్ అన్నది ఈ కోతి పేరు మీద వచ్చిందే. ఒకప్పుడు ఈ కోతులను మన దేశం పెద్ద సంఖ్యలో విదేశీ ల్యాబులకు ఎగుమతి చేసేది. 1978లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఆసియా అడవుల్లోని కోతుల్లో ఎస్‌ఐవీ సహజంగా ఉండదు. మరి అమెరికాలో ఉన్న రీసస్ కోతులకు ఎక్కడిది? వెనక్కి వెళ్లి చూస్తే, ఆ కేంద్రాల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన సూటీ మాంగబే అనే బూడిదరంగు కోతులు కూడా ఉండేవి. వాటి నుంచి వీటికి అంటుకుంది. విచిత్రం ఏమిటంటే, మాంగబేలు ఆరోగ్యంగానే ఉన్నాయి, చచ్చిపోయినవి రీసస్ కోతులు. సొంత ఇంట్లో ఊరుకున్న వైరస్ పరాయి ఇంట్లోకి వెళ్లగానే ప్రాణాలు తీస్తుందని అప్పుడు అర్థమైంది.

హెచ్‌ఐవీ-2 కథ

1986లో పశ్చిమ ఆఫ్రికా రోగుల్లో ఇంకో వైరస్ దొరికింది. దానికి హెచ్‌ఐవీ-2 అని పేరు పెట్టారు. దాని జన్యువు చదివి చూస్తే మొదటి హెచ్‌ఐవీ కన్నా సూటీ మాంగబే కోతి వైరస్‌కే దగ్గరగా ఉంది. ఆ కోతి తిరిగేదీ పశ్చిమ ఆఫ్రికాలోనే, జబ్బు ఎక్కువగా ఉన్నదీ అక్కడే. రెండు వివరాలూ సరిపోయాయి.

హెచ్‌ఐవీ-2 నెమ్మదిగా ముదురుతుంది, తక్కువగా అంటుకుంటుంది. మన దేశంలో కూడా కొద్దిమందిలో ఉంది. నెవిరపిన్, ఎఫావిరెంజ్ లాంటి కొన్ని మందులు దీని మీద పనిచేయవు. అందుకే టెస్టు రిపోర్టులో 1 అని ఉందా, 2 అని ఉందా అన్నది డాక్టరు చూస్తారు. ఈ తేడా ఎందుకో అర్థం కావాలంటే రెండూ వేరే వేరే జంతువుల నుంచి వచ్చాయని గుర్తుంటే చాలు.

హెచ్‌ఐవీ-1: చింపాంజీ పేడలో సాక్ష్యం

ప్రపంచంలో ఎక్కువమందికి సోకింది హెచ్‌ఐవీ-1. ఇది చింపాంజీల నుంచి వచ్చి ఉంటుందని 1989-90 నుంచే అనుమానం ఉంది. 1999లో బియాట్రిస్ హాన్ బృందం మధ్య ఆఫ్రికాలోని ఒక చింపాంజీ ఉపజాతి దగ్గర ఆధారాలు చూపించింది. కానీ అవి పెంచుకున్న జంతువుల శాంపిళ్లు. అడవిలో బతికే చింపాంజీల్లో వైరస్ ఉందని చూపించాలి. వాటిని పట్టుకుని రక్తం తీయడం కుదరదు, అది అంతరించిపోతున్న జంతువు.

అందుకని దారి మార్చారు. అడవిలో చింపాంజీలు పడుకున్న చోట్లకు వెళ్లి కింద పడిన పేడ ఏరుకొచ్చారు. దక్షిణ కామెరూన్ అడవుల్లో దాదాపు 600 శాంపిళ్లు సేకరించి పరీక్షించారు. 2006లో ఫలితాలు వచ్చాయి. ప్రపంచమంతా పాకిన హెచ్‌ఐవీ-1 'ఎం' గ్రూపుకు అతి దగ్గరి చుట్టం ఆగ్నేయ కామెరూన్ మూలనున్న చింపాంజీల్లో దొరికింది.

దగ్గరి చుట్టం అని ఎలా చెబుతారు? పాతకాలం దుకాణం ఖాతా పుస్తకాన్ని ఊహించుకోండి. గుమాస్తా ఒక పుస్తకం నుంచి ఇంకోదానికి ఎత్తి రాసినప్పుడు ఒకటి రెండు అంకెలు తప్పు పడతాయి. ఆ కాపీ నుంచి మళ్లీ రాస్తే పాత తప్పులు అలాగే వస్తాయి, కొత్తవి చేరతాయి. రెండు పుస్తకాల్లో ఒకేచోట ఒకే తప్పులుంటే రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయని ఎవరైనా చెప్పగలరు. వైరస్ కూడా తనను తాను కాపీ చేసుకుంటూ తప్పులు చేస్తుంది. ఆ తప్పుల జాబితాయే దాని వంశవృక్షం.

ఇంకో సంగతి కూడా తేలింది. చింపాంజీ వైరస్ కూడా దాని సొంతం కాదు. చింపాంజీలు చిన్న కోతులను వేటాడి తింటాయి. అలా రెండు రకాల కోతుల వైరస్‌లు చింపాంజీలో కలిసి ఒకటయ్యాయి. అంటే మనిషికి రాకముందే అది ఒక జాతి నుంచి ఇంకో జాతికి దూకింది.

మనిషికి ఎలా అంటింది?

వేట మాంసం కోసేటప్పుడు జంతువు రక్తం చేతి మీది గాయానికి, పుండుకు తగలడం వల్ల అంటిందన్నదే సైంటిస్టులు ఎక్కువమంది ఒప్పుకున్న వివరణ. మధ్య ఆఫ్రికా అడవుల్లో వేట మాంసం తినడం పేదవాడి కడుపు నింపే మార్గం. ఇందులో పాడు పని ఏదీ లేదు. ఆఫ్రికావాళ్లను తక్కువ చేసి మాట్లాడే జోకులకు సైన్సులో చోటు లేదు.

ఇది ఒక్కసారి జరిగిన సంఘటన కూడా కాదు. హెచ్‌ఐవీ-1లో ఎం, ఎన్, ఓ, పీ అని నాలుగు గ్రూపులున్నాయి. నాలుగూ వేర్వేరు సార్లు మనిషిలోకి వచ్చినవే. ఎం, ఎన్ చింపాంజీల నుంచి, ఓ, పీ గొరిల్లాల వైపు నుంచి వచ్చాయి. హెచ్‌ఐవీ-2 గ్రూపులు కూడా కలిపితే కనీసం డజను సార్లు ఈ దూకుడు జరిగింది. వాటిలో ఒక్క 'ఎం' గ్రూపే ప్రపంచ మహమ్మారి అయింది.

ఎప్పుడు, ఎక్కడ పాకింది?

బెల్జియం పాలనలో ఉన్న కాంగోలో లియోపోల్డ్‌విల్ అనే నగరం ఉండేది. ఇప్పటి కిన్షాసా. అక్కడ 1959లో తీసిన ఒక రక్తం శాంపిల్‌లో, 1960లో తీసిన ఒక కణజాలం ముక్కలో హెచ్‌ఐవీ దొరికింది. ఒకే నగరంలో ఒక ఏడాది తేడాతో తీసినవే అయినా రెండింటి జన్యువుల్లో చాలా తేడా ఉంది. అంత తేడా రావాలంటే అప్పటికే కొన్ని దశాబ్దాలుగా వైరస్ మనుషుల్లో తిరుగుతూ ఉండాలి. తప్పులు ఏడాదికి ఎన్ని చేరతాయో తెలుసు కాబట్టి, వడ్డీ లెక్కను వెనక్కి కట్టినట్టు కట్టి మైకేల్ వొరొబీ బృందం 2008లో ఒక అంచనా చెప్పింది. 'ఎం' గ్రూపు మూలం 1908 ప్రాంతం, అటు ఇటుగా 1884 నుంచి 1924 మధ్య.

2014లో వచ్చిన ఇంకో అధ్యయనం కిన్షాసాలో 1920 ప్రాంతంలో వ్యాప్తి మొదలైందని చెప్పింది. కామెరూన్ అడవుల నుంచి నదులు అటువైపే పారతాయి, అప్పటి సరుకు, జనం పడవల మీదే వెళ్లేవారు. కిన్షాసా నుంచి గనుల పట్టణాలకు రైలు మార్గాలు వేశారు. 1940ల చివరికి ఆ రైళ్లలో ఏడాదికి 10 లక్షలమందికి పైగా ప్రయాణించేవారు. కూలి పనికి వచ్చి ఇంటికి దూరంగా బతికే మగవాళ్లు, వ్యభిచార వీధులు, సరిగా మరిగించకుండా అందరికీ వాడిన ఇంజెక్షన్ సూదులు వ్యాప్తికి తోడయ్యాయని చరిత్రకారులు అంటారు. అక్కడి నుంచి హైతీకి, హైతీ నుంచి అమెరికాకు చేరింది. అమెరికాలో బయటపడింది కాబట్టి అక్కడే పుట్టిందనుకున్నాం, అంతే.

పోలియో చుక్కల మాట ఏమిటి?

దీనికి జవాబు వివరంగా చెప్పాలి. 1999లో ఎడ్వర్డ్ హూపర్ అనే రచయిత 'ది రివర్' అనే పుస్తకం రాశారు. 1950ల చివర్లో కాంగోలో వేసిన ఒక ప్రయోగాత్మక పోలియో వ్యాక్సిన్‌ను చింపాంజీ కణాల్లో తయారు చేశారని, దాని నుంచే ఎయిడ్స్ వచ్చిందని ఆయన వాదన. సైంటిస్టులు కొట్టిపారేయలేదు. పరీక్షించారు. 2000లో విలియం హామిల్టన్ అనే ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త, పైన చెప్పిన వొరొబీ కలిసి కాంగో వెళ్లి కిసంగాని దగ్గరి చింపాంజీల శాంపిళ్లు తెచ్చారు. ఆ ప్రయాణంలో మలేరియా సోకిన హామిల్టన్ తిరిగొచ్చాక లండన్‌లో చనిపోయారు.

మూడు విషయాలు తేలాయి. ఒకటి, దాచి ఉంచిన పాత వ్యాక్సిన్ శాంపిళ్లలో హెచ్‌ఐవీ గానీ, చింపాంజీ వైరస్ గానీ, చింపాంజీ కణాల జాడ గానీ లేవు. రెండు, కిసంగాని చింపాంజీల వైరస్ హెచ్‌ఐవీ-1కు దగ్గరిది కాదని 2004లో తేలింది. మూడు, వ్యాక్సిన్ వేయడానికి దశాబ్దాల ముందే హెచ్‌ఐవీ మనుషుల్లో ఉంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా ఆ వాదనను దెబ్బతీయడానికి చాలు.

ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న వదంతితో ఎంతోమంది ముస్లిం తల్లిదండ్రులు తలుపులు వేసుకున్నారు. దాని మూల్యం పిల్లల కాళ్లు చెల్లించాయి. ఉలమాలు, ఇమాములు మస్జిదుల నుంచి పిలుపునిచ్చి, తమ పిల్లలకు ముందు వేయించి చూపించాక పరిస్థితి మారింది. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. 2014 మార్చిలో పోలియో లేని దేశంగా సర్టిఫికెట్ వచ్చింది. పాత వదంతికి ఎయిడ్స్ పేరు తగిలించి మళ్లీ మొదలుపెడితే అది మనం ఊరుకోదగ్గ విషయం కాదు.

కోతులకు ఎందుకు జబ్బు రాదు?

సూటీ మాంగబే రక్తంలో వైరస్ లక్షల్లో ఉన్నా దానికి ఎయిడ్స్ రావడం చాలా అరుదు. కారణం ఏమిటంటే, వైరస్ రాగానే దాని శరీరం పోరాడుతుంది, కొన్ని వారాల్లో ఆ పోరాటాన్ని తగ్గించేస్తుంది. మనిషి శరీరం అలా కాదు. ఏళ్ల తరబడి అలారం మోగుతూనే ఉంటుంది. పేగు గోడ దెబ్బతిని సూక్ష్మజీవులు రక్తంలోకి కారతాయి, ఆ అలసటకే రక్షణ వ్యవస్థ కూలిపోతుంది. వైరస్‌ను తగ్గించడం ఒక్కటే కాదు, శరీరంలో ఆ లోపలి మంటను తగ్గించడం కూడా ముఖ్యమని సైంటిస్టులకు నేర్పింది ఈ కోతులే.

చింపాంజీలకు కూడా ఏమీ కాదని చాలాకాలం అనుకున్నారు. టాంజానియాలోని గోంబేలో ఏళ్ల తరబడి గమనించిన తర్వాత 2009లో తెలిసింది, వైరస్ ఉన్న చింపాంజీలు చనిపోయే ప్రమాదం లేనివాటికన్నా 10 నుంచి 16 రెట్లు ఎక్కువ.

ఈ పరిశోధన మందుల షాపు దాకా ఎలా వచ్చింది?

1995లో అమెరికాలో కోతులకు ఎస్‌ఐవీ ఎక్కించి, కొన్నింటికి ముందుగానూ, కొన్నింటికి 4 గంటలు లేదా 24 గంటల తర్వాతా ఒక మందు ఇచ్చారు. నాలుగు వారాలు కొనసాగించారు. మందు తీసుకున్న కోతులకు వైరస్ అంటలేదు. ఆ మందే టెనోఫోవిర్‌గా మనకు తెలిసినది. ఆలస్యంగా మొదలుపెట్టినా, మధ్యలో ఆపేసినా రక్షణ తగ్గుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఈ రోజు ఆస్పత్రిలో నర్సుకు రోగి సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు మందు వాడమంటారు. ఆ నిబంధన వెనుక ఈ కోతుల ప్రయోగాలున్నాయి. ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చే రోజుకో మాత్రలో కూడా టెనోఫోవిర్ ఉంది.

మందు కనిపెట్టగానే పేదవాడికి అందలేదు. 2000 ప్రాంతంలో ఒక రోగికి ఏడాది మందుల ఖర్చు 10,000 డాలర్లకు పైనే. 2001లో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ మూడు మందులను ఏడాదికి 350 డాలర్లకే, అంటే రోజుకు డాలరు కన్నా తక్కువకే ఇస్తామని ప్రకటించారు. ఆయన తండ్రి ఖ్వాజా అబ్దుల్ హమీద్ 1935లో స్థాపించిన కంపెనీ అది. ఆ ధర ఆఫ్రికాలో లెక్కను మార్చేసింది. తర్వాత మన హైదరాబాద్ కంపెనీలు హెటెరో, అరబిందో కూడా ఈ మందులు తయారు చేసి ప్రపంచానికి పంపుతున్నాయి.

ఇంకో ఆసక్తికరమైన సంగతి. హెచ్‌ఐవీ-1 మన రీసస్ కోతికి అంటదు. ఆ కోతి కణంలో ఉండే ఒక ప్రొటీను వైరస్ పెంకును పట్టుకుని పాడు చేస్తుందని 2004లో కనుక్కున్నారు. ఇప్పుడు కొత్తగా వచ్చిన లెనకాపవిర్ అనే ఇంజెక్షన్ కూడా ఆ పెంకు మీదే పనిచేస్తుంది. ఆరు నెలలకు ఒకసారి వేసుకుంటే హెచ్‌ఐవీ రాకుండా కాపాడుతుంది. తక్కువ ధరకు తయారు చేసేందుకు 2024లో లైసెన్సు పొందిన ఆరు కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్, హెటెరో రెండూ హైదరాబాద్‌వే.

మన ఇళ్లలో వచ్చే ప్రశ్నలు

కోతి కరిస్తే ఎయిడ్స్ వస్తుందా? రాదు. మన దేశపు కోతుల్లో ఎస్‌ఐవీ సహజంగా లేదు. కానీ రేబిస్ ప్రమాదం ఉంది. గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు నీటి ధార కింద కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి ఇంజెక్షన్ వేయించుకోవాలి.

ఖత్నా అయితే హెచ్‌ఐవీ రాదా? ఆఫ్రికాలో జరిగిన మూడు పెద్ద పరీక్షల్లో, స్త్రీ నుంచి పురుషుడికి సోకే ప్రమాదం సుమారు 60 శాతం తగ్గింది. తగ్గింది గానీ పోలేదు. భార్యకు నేరుగా ఆ రక్షణ ఉండదు. మనకు రాదులే అనే ధీమా పనికిరాదు. ఖత్నా చేసేచోట బ్లేడు కొత్తదై ఉండాలి.

మయ్యత్‌కు గుస్ల్ ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చు. ముట్టుకుంటే అంటదు. గ్లౌజులు వేసుకుని, చేతి మీద గాయాలుంటే కప్పుకుని చేయాలి. హెచ్‌ఐవీ ఉందని జనాజా హక్కులు ఎగ్గొట్టడానికి కారణం లేదు. అదే విధంగా కలిసి తినడం, ఒకే వజూ ఖానా, ముసాఫహా, పిల్లలు కలిసి ఆడుకోవడం, దోమకాటు, వీటితో రాదు.

గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ అని వస్తే? గల్ఫ్ దేశాల వీసా పరీక్షల్లో హెచ్‌ఐవీ టెస్టు ఉంటుంది. చాలా కుటుంబాలకు ఈ పేరు మొదట వినపడేది అక్కడే. అంతా అయిపోయిందని కుంగిపోవద్దు. ప్రభుత్వ ఆస్పత్రిలోని ఐసీటీసీలో ఉచితంగా మళ్లీ టెస్టు చేస్తారు, పేరు బయటపెట్టరు. ఖాయమైతే ఏఆర్‌టీ సెంటరులో మందులు ఉచితం. వేళ తప్పకుండా వాడితే ఆయుష్షు మామూలు మనిషి ఆయుష్షుకు దగ్గరగా ఉంటుంది. రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గి అలాగే ఉంటే, కలయిక ద్వారా భాగస్వామికి సోకదు.

తల్లికి ఉంటే బిడ్డకు? మందులు లేకపోతే 15 నుంచి 45 శాతం దాకా సోకే అవకాశం ఉంది. మందులు వాడితే 5 శాతం కన్నా తక్కువకు తేవచ్చు. అందుకే గర్భం తెలిసిన వెంటనే టెస్టు చేయించాలి, కోడలి ఒక్కదానికే కాదు, కొడుక్కు కూడా.

ఎవరికైనా తెలిస్తే? 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు నిరాకరించకూడదు. నికాహ్‌కు ముందు రెండు వైపులా ఒప్పుకుని టెస్టు చేయించుకోవడంలో తప్పు లేదు, దాచిపెట్టడంలోనే ఉంది.

దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ శాతం సుమారు 0.2. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ దీనికన్నా ఎక్కువలోనే ఉన్నాయి. కాబట్టి ఇది ఎక్కడో ఆఫ్రికా అడవి కథ అనుకోవడానికి లేదు. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయండి, ఉచితం, పేరు చెప్పక్కర్లేదు. ఎయిడ్స్ పుట్టుక గురించి ఈసారి ఫార్వర్డ్ వస్తే, పంపినవాళ్లకు కామెరూన్ అడవిలో పేడ ఏరినవాళ్ల కథ చెప్పండి.